వర్క్‌షాపులో నిలిచిన బండి, రోజుకు 3,500

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మా ఊరు. మూడేళ్ల క్రితం అప్పు తీసుకుని బ్యాక్‌హో లోడర్ (ముందు, వెనక బకెట్లుండే మట్టి తవ్వే బండి) కొన్నాను. నేనే నడుపుకుంటాను, తోడుగా ఒక హెల్పరు ఉంటాడు. బాడుగ గంటకు 1,100 రూపాయలు. ఆరేడు గంటల పని దొరికిన రోజు డీజిలు, బత్తా పోను 3,500 మిగులుతుంది. నెల కిస్తీ 52,000. హైడ్రాలిక్ పంపు (బకెట్‌ను కదిలించే నూనెకు ఒత్తిడినిచ్చేది) పాడైతే తిరుపతిలోని డీలర్ వర్క్‌షాపుకు పంపాను. రెండున్నర లక్షల్లో అయిపోతుందని ఫోనులో చెప్పారు. చివరికి 4,86,160 రూపాయల బిల్లు ఇచ్చారు. మొత్తం కడితేగాని బండి వదలమంటున్నారు. 16 రోజులైంది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కట్టేయమంటారా, కోర్టుకు వెళ్లమంటారా? బండి మాన్యువల్‌లో హైడ్రాలిక్ నూనె మొత్తం 130 లీటర్లని ఉంది. బిల్లు, జాబ్ కార్డు (బండి తీసుకునేటప్పుడు వర్క్‌షాపు రాసిన పని చీటీ) ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: రెండూ చేయవచ్చు. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం.

ముందు ఆ 16 రోజుల లెక్క చూద్దాం. 56,000 రూపాయలు. ఒక నెల కిస్తీ కన్నా ఎక్కువే పోయింది. ఇది ఏ బిల్లులోనూ కనబడని నష్టం. రేపు మీరు గెలిచినా ఇదంతా తిరిగి వస్తుందని నేను చెప్పలేను. వానలు దిగేలోపు మామిడి తోటల్లో గుంతలు తీయించుకోవాలనుకునే రైతు మీ కోసం ఎన్నాళ్లు ఆగుతాడు? ఇంకో బండిని పిలుస్తాడు. వచ్చే ఏడాదీ ఆ బండికే ఫోను చేస్తాడు. అందుకే నా సలహా: ఈ వారంలోనే బండిని బయటికి తెచ్చుకోండి. అభ్యంతరాన్ని మాత్రం కాగితం మీద పెట్టి, ఆ హక్కు పోకుండా చూసుకోండి.

మీ బిల్లు మూడుసార్లు చదివాను. పంపు 1,92,000, సీల్ కిట్లు (సిలిండర్ల నుంచి నూనె కారకుండా ఆపే వలయాల సెట్లు) 41,000, హైడ్రాలిక్ ఆయిల్ 46,000, హోస్ పైపులు, ఫిల్టర్లు 38,800, లేబర్ 61,200, ఇతర ఖర్చులు 33,000. మొత్తం 4,12,000 మీద 18 శాతం జీఎస్టీ. ‘బిల్లు ఎక్కువైంది’ అని కౌంటరు దగ్గర నిలబడితే, పై నుంచి ఐదు వేలు తగ్గించి పంపించేస్తారు. వరుసవరుసగా అడిగితే ప్రతి వరుసకూ జవాబు చెప్పక తప్పదు.

పంపు ధర మీద తొందరపడి గొడవ పెట్టుకోకండి. బిల్లులోని పార్ట్ నంబరు చెప్పి, అదే కంపెనీకి బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న డీలర్‌ను ధర అడగండి. సరిపోతే ఆ వరుస వదిలేయండి. పాత పంపు ఇచ్చేస్తే ధర తగ్గించే పద్ధతి ఉందేమో అదీ కనుక్కోండి.

ఆయిల్ వరుస దగ్గర మాత్రం ఆగాలి. 200 లీటర్లు రాశారు. మీ బండి మాన్యువల్‌లో మొత్తం హైడ్రాలిక్ సామర్థ్యం 130 లీటర్లని మీరే చెప్పారు. మిగతా 70 లీటర్లు ఎక్కడికి పోయాయి? దీనికి న్యాయమైన జవాబు కూడా ఉండవచ్చు. పంపు లోపల అరిగి విరిగినప్పుడు ఇనుప రజను నూనెలో కలిసి వాల్వులు, సిలిండర్లు అన్నిటికీ చేరుతుంది. దాన్ని కడగకుండా కొత్త పంపు బిగిస్తే అదీ త్వరగా పోతుంది. కడగడానికి అదనంగా నూనె పడుతుంది. కాబట్టి నింద వేయకముందు పాత ఫిల్టరు చూపించమనండి. దాన్ని కోసి, లోపలి మడతను వేలితో తుడిచి వెలుతురులో పట్టుకుంటే రజను ఉన్నదీ లేనిదీ మీ కంటికే తెలుస్తుంది. నలకలు మెరిస్తే ఆ 16,100 రూపాయల మీద పట్టు వదలండి. వేలికి నల్లటి నూనె తప్ప మరేమీ అంటకపోతే గట్టిగా అడగండి.

సీల్ కిట్ల దగ్గర మీ బలం ఎక్కువ. జాబ్ కార్డులో మీ సంతకం పైన ‘పంపు శబ్దం, బకెట్ లేవడం లేదు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. అంచనా ఖర్చు గడి ఖాళీ. సీల్ కిట్లు వేసిన బకెట్, బూమ్ (బకెట్‌ను మోసే చేయి) సిలిండర్ల పనిని దాని కింద వేరే సిరాతో రాశారు. అక్కడ మీ సంతకం లేదు, తేదీ కూడా లేదు. రజను సీళ్లను కోసేస్తుంది కాబట్టి వాటిని మార్చాల్సిన అవసరం నిజంగానే ఉండి ఉండవచ్చు. అయినా అడగకుండా చేయకూడదు. ఇక్కడ మీరూ నిజాయితీగా గుర్తు తెచ్చుకోండి: ఆ రోజుల్లో వాళ్ల నుంచి ఫోను వచ్చిందా, పనిలో ఉండి ‘సరే చేయండి’ అన్నారా? వాట్సాప్ వెతికి చూసుకోండి. అనలేదంటే ఆ 41,000, దానికి రాసిన 20 గంటల లేబర్ 18,000 మీ అభ్యంతరంలోకి వస్తాయి. ఏ పనికి ఎన్ని గంటలు పట్టాలో తయారీ కంపెనీలు ప్రామాణిక సమయం నిర్ణయిస్తాయి. మిగతా 48 గంటలకు ఆ పట్టిక చూపమనండి.

‘ఇతర ఖర్చులు’ 33,000 కింద ఒక్క వివరమూ లేదు. వివరం ఇచ్చేదాకా అదీ అభ్యంతరమే.

ఇవన్నీ కలిపితే 1,08,100. దాని మీద జీఎస్టీతో 1,27,558. మీ ఏడాది బాడుగ ఆదాయం 20 లక్షలు దాటకపోవడంతో మీరు జీఎస్టీలో నమోదు కాలేదనుకుంటున్నాను. అంటే మీరు కట్టే పన్ను తిరిగి రాదు. బిల్లులో తగ్గే ప్రతి వంద రూపాయలకూ మీకు 118 మిగులుతాయి. డీలర్ తగ్గించడానికి ఒప్పుకుంటే నోటిమాటతో సరిపెట్టకుండా, పన్నుతో సహా క్రెడిట్ నోట్ (బిల్లులో అంత తగ్గించినట్టు డీలర్ రాసిచ్చే కాగితం) తీసుకోండి.

అభ్యంతరం లేని 3,58,602 రూపాయలు ఇస్తాను, బండి వదలండి అని ముందు ఈమెయిల్‌లో రాయండి. మూడు రోజులు గడువు ఇవ్వండి. అంతకుమించి ఆగితే మీకే నష్టం: రోజుకు 3,500 చొప్పున 37 రోజులు నిలిస్తే, మీరు పోరాడే సొమ్మంతా నిలిచిన బండే తినేస్తుంది.

వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టినవారు తమకు రావలసిన కూలి అందేదాకా దాన్ని తమ దగ్గర ఉంచుకోవచ్చు. అందుకని గేటు దగ్గర గొడవకు దిగకండి. మిగతాదీ కట్టేయండి, కానీ కట్టేముందే ఇలా రాసి పంపండి: ‘సీల్ కిట్లు, వాటి లేబర్, అదనపు ఆయిల్, ఇతర ఖర్చులకు నేను అంగీకరించలేదు. జీవనోపాధికి బండి వెంటనే అవసరమై, నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను.’ డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. గేట్ పాస్ మీద ‘పని సంతృప్తికరం, బిల్లుపై అభ్యంతరం లేదు’ అన్న ముద్ర ఉంటే, దాని పక్కనే ‘అభ్యంతరం ఉంది, ఈమెయిల్ చూడండి’ అని రాసి సంతకం చేయండి. నా దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆ ముద్ర కింద చదవకుండా సంతకం పెట్టి వచ్చారు. తర్వాత వాళ్లకు నేను పెద్దగా సాయపడలేకపోయాను.

బంగారం గురించి మీరు బెంగపడుతున్నారని మీ మాటల్లోనే తెలుస్తోంది. మొత్తం 4,86,160 తాకట్టు మీదే తెచ్చి, వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకున్నా నెలకు 4,051 రూపాయలు. బండి ఒకటిన్నర రోజు తిరిగితే చాలు. ఇంట్లో వాళ్లకు ఈ లెక్క చూపించండి. బ్యాంకులోనే పెట్టండి, చేబదులు మాత్రం వద్దు. కిస్తీ తప్పనివ్వకండి.

బండి వచ్చాక 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. వ్యాపారానికి వాడే యంత్రం కదా, వినియోగదారుల కమిషన్ వినదని డీలర్ అంటే నమ్మకండి. స్వయం ఉపాధితో బతకడానికి తానే వాడుకునే వ్యక్తికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మినహాయింపు ఇచ్చింది. ఒకరిద్దరిని సాయం పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీ హెల్పరు అడ్డం కాడు. మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, ఐదు లక్షల్లోపు సేవలకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. రెండు మూడు బండ్లు పెట్టి డ్రైవర్లతో నడిపించేవారికి మాత్రం ఈ దారి కష్టం. వాళ్లకు సివిల్ కోర్టు గానీ, కేసు వేయకముందే లోక్ అదాలత్ గానీ మేలు.

ఇక వచ్చే నెల నుంచి, ఇలాంటి రిపేర్ల కోసం, బండి తిరిగిన ప్రతి గంటకూ వంద రూపాయలు వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 1,500 గంటలు తిరిగితే లక్షన్నర అవుతుంది.

రేపు పొద్దున్నే మాత్రం తిరుపతి బస్సెక్కండి. పాత పంపు, పాత ఫిల్టరు, తీసేసిన సీళ్లు పాత ఇనుములోకి పోకముందే బిల్లు పక్కన పెట్టి ఫొటోలు తీయండి.