పాచికకు వంక పెట్టలేకపోతే రుజువైనట్టేనా?

సందేహం: మా డిగ్రీ విద్యార్థులు ఒక పాచికను 60 సార్లు దొర్లించారు. ఒకటి నుంచి ఆరు దాకా వరుసగా 8, 9, 12, 7, 10, 14 సార్లు పడ్డాయి. పడిన లెక్క పడవలసిన లెక్కకు ఎంత దూరంలో ఉందో కొలిచే కైవర్గ (కై-స్క్వేర్) పరీక్ష విలువ 3.4 వచ్చింది, 5 శాతం స్థాయిలో (అంటే నిష్పాక్షికమైన పాచిక నూటికి అయిదుసార్లు మాత్రమే దాటే) హద్దు 11.07. కనుక ‘పాచిక నిష్పాక్షికమని రుజువైంది’ అని రాశారు. ఈ వాక్యం సరైనదేనా?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

సమాధానం: బండలు దొర్లుతాయి, పాచికలను వేస్తాం. ఈ ‘దొర్లించడం’ పాఠాల్లోకి ఎక్కి కూర్చుంది, ఇక దిగేలా లేదు. అది అలా ఉంచితే, మీ పిల్లల లెక్క బాగుంది. చిక్కల్లా ‘రుజువు’ దగ్గరే.

సంస్కృత ‘ఋజు’ శబ్దమే మన రుజువు. ఋజువంటే తిన్ననిది, వంకర లేనిది. దీనికి ఎదురుగా నిలబడే తెలుగు మాట ‘వంక’. వక్రంతో దానికి చుట్టరికం కలిపేవారున్నారు. నేను ‘వంగు’ వైపే మొగ్గుతాను గానీ పట్టుబట్టను. నెలవంకలో ఆ వంపు కంటికే కనబడుతుంది. మీ ఊరి నడిమివంకను చూడండి: ఇతర చోట్ల వాగు అనేదాన్ని మనం వంక అంటాం, అది వంపులు తిరిగి పారుతుంది గనుక. వంపు నుంచే లోపం అనే అర్థమూ పుట్టి ఉంటుంది. నెపమనీ, దిక్కనీ మరో రెండు అర్థాలున్నాయి.

ఎద్దుల సంతలో కొనేవాడు పళ్లు పట్టి చూస్తాడు, మూపురం తడుముతాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. చివరికి ‘వంక పెట్టడానికి లేదు’ అంటాడు. రేపు ఆ ఎద్దు సాలులో పడుకోదని వాడు హామీ ఇవ్వడం లేదు. చూసినంతలో లోపం దొరకలేదంటున్నాడు, అంతే. మీ గణాంకాల్లో శూన్య పరికల్పన (తేడా ఏమీ లేదన్న తొలి ఊహ) కథా ఇదే. పాచిక తిన్ననిదని ముందు అనుకుని, ఆ తర్వాత దానికి వంక వెతుకుతాం.

వెతుకులాట పెరిగితే వంక బయటపడవచ్చు. వెల్డన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడి లెక్కల్లో 12 పాచికలను 26,306 సార్లు వేశారు. వంద పాచికల్లో 33.33 చొప్పున పడవలసిన అయిదులు, ఆరులు 33.77 చొప్పున పడ్డాయి. గణాంక శాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్ 1900లో కైవర్గ పరీక్షను ప్రకటిస్తూ ఈ లెక్కనే పరీక్షకు పెట్టి, ఆ పాచికలను తప్పుపట్టాడు. అంత సన్నని తేడా 60 సార్లకు ఎక్కడ చిక్కుతుంది?

‘నిష్పాక్షికం’ మాటకొస్తే, ఆరు పక్కలున్న వస్తువును పట్టుకుని పక్షం లేనిదనడం నాకు నవ్వు తెప్పిస్తుంది. వాడుకలో స్థిరపడింది, ఉండనివ్వండి. పరీక్షలో మార్కులు కావాలంటే ‘శూన్య పరికల్పనను తిరస్కరించలేం’ అని రాయించండి. ‘అంగీకరిస్తున్నాం’ అని రాసేవారూ ఉన్నారు. నేనంత దూరం పోను. నా వద్దకు దిద్దడానికి వస్తే మాత్రం ‘60 సార్లు వేసి చూసినా పాచికకు వంక పెట్టలేకపోయాం’ అన్న పిల్లవాడికే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.