నాజిల్ దిగకపోతే ఆగు

బుజ్జీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. "పారిస్ చూడదట అన్నయ్యా, ఫ్రాన్సులో ఏదో పల్లెటూళ్ళో మూడు వారాలు ఊరికే కూర్చుంటుందట, అదీ ఒక్కతే" అన్నాడు, నువ్వేదో నేరం చేసినట్టు. నాకైతే గర్వంగా అనిపించింది. రాత్రి నిద్ర పట్టని మాట కూడా నిజమే. 2011 సెప్టెంబర్లో మీ పెద్దమ్మా నేనూ పది రోజులున్నది కూడా నువ్వెళ్తున్న దోర్దోన్య్‌లోనే, సర్లా ఊరి దగ్గర.

వీసా, 30,000 యూరోల ఇన్సూరెన్సు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కొట్లో అడుగుపెడుతూనే "బోంజూర్" అను. పల్లె సందుల్లో కుడిపక్కనుంచి వచ్చే బండికే ముందు దారి, బోర్డు వేరే చెబితే తప్ప. ఎర్ర అంచుతో ఊరి పేరు బోర్డు కనబడిందంటే అక్కణ్ణించి 50 దాటకూడదు, విడిగా రాసి ఉండకపోయినా.

తిండి విషయం మాత్రం రెండుసార్లు చదువు. అద్దె ఇళ్ళు సాధారణంగా శనివారం సాయంత్రం చేతికిస్తారు. నువ్వు సామాన్లు సర్దుకుని, కాళ్ళు చాపుకుని, రేపు చూద్దాంలే అనుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా! ఆదివారం మధ్యాహ్నం దాటితే ఆ పల్లెల్లో షట్టర్లన్నీ దించేస్తారు. సోమవారం కూడా సగం కొట్లు తెరవరు. సర్లాలో శనివారం, బుధవారం సంత. శనివారమే కొనుక్కో. ఇంకోటి, అక్కడి బంగాళాదుంపల వేపుడు చూసి శాకాహారం అనుకోకు. బాతు కొవ్వులో వేయిస్తారు. మీ పెద్దమ్మ సగం ప్లేటు తిన్నాక తెలిసింది. గుళ్ళో చెప్పుకుంటాలే అని మిగతాది నా వైపు నెట్టింది.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

ఆదివారం లాస్కో వెళ్ళాం, ఆదిమానవులు గోడల మీద ఎద్దుల బొమ్మలు గీసిన గుహ. అసలు గుహని 1963లోనే మూసేశారు, చూపించేది నకలే. అయినా ఆ ఎద్దుల కింద మీ పెద్దమ్మ మెడ పట్టేసేదాకా నిలబడింది. తిరుగుదారిలో పెట్రోలు ముల్లు అడుక్కొచ్చింది. బంకులో మనిషి లేడు, కార్డు మిషనే. ఒక దాని మీద "సాన్ ప్లోమ్", ఇంకో దాని మీద "గాజోల్" అని ఉంది. మన కారు పెట్రోలుది. గాజోల్ అంటే గ్యాసోలిన్ అయ్యుంటుందని తేల్చేశాను. "కారిచ్చినవాళ్ళకి ఒక్క ఫోన్ చేద్దామండీ" అంది తను. ముప్ఫయ్యేళ్ళు ఇంజనీరుగా చేసినవాణ్ణి, నాకు చెబుతావా అన్నాను. నాజిల్ లావుగా ఉంది, ట్యాంకు మూతిలో దిగలేదు. దిగనప్పుడైనా అర్థం కావద్దూ? మూతికి ఆనించి పట్టుకుని, చెంబుతో పోసినట్టు కొద్దికొద్దిగా పోశాను. ఇరవై లీటర్లు. షూ కూడా తడిసింది.

గాజోల్ అంటే డీజిల్ తల్లీ.

కొన్ని కిలోమీటర్లు పొగ కక్కుకుంటూ నడిచి, అక్రోటు తోటల మధ్య ఆగిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. తన షుగర్ మందు పొద్దున్నే పడింది, మధ్యాహ్నం తిండి ఆ ఎద్దుల దగ్గరే మర్చిపోయాం, బిస్కెట్ల సంచి ఇంట్లో టేబుల్ మీద ఉండిపోయింది. షుగర్ పడిపోయి తన పై పెదవి మీద చెమట పట్టింది. చేతులు వణుకుతుంటే చున్నీలో దాచుకుంది, నేను చూడకూడదని. ఆ చేతులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

దూరంగా ఒక ఇల్లు కనిపిస్తే పరిగెత్తి తలుపు బాదాను. "షుగర్! షుగర్!" అని అరిచాను. కిటికీ తెరిచిన ముసలావిడ నన్ను చూసి మళ్ళీ వేసేసుకుంది. నా వెనకే మెల్లగా నడిచొచ్చిన మీ పెద్దమ్మ రెండు చేతులూ జోడించి "బోంజూర్ మదామ్" అంది. తలుపు తెరుచుకుంది. చక్కెర బిళ్ళల డబ్బా, రొట్టె, ఎర్రటి జామ్ అన్నీ ఒకేసారి వచ్చాయి. ఆవిడ కొడుకు ట్రాక్టర్‌తో మా కారుని గ్యారేజీ దాకా లాగాడు. ట్యాంకు ఖాళీ చేసి కడిగిన బిల్లెంతో తనకి చివరిదాకా చెప్పలేదు. తనూ అడగలేదు.

ఇప్పుడు యూరప్ బంకుల్లో గుర్తులు పెట్టారు. పెట్రోలుకి గుండ్రం, అందులో E అక్షరం. డీజిల్‌కి చదరం, అందులో B. కారు మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకో. పొరపాటు జరిగితే తాళం తిప్పొద్దు, కారుని తోయించు. మొదటి రోజే ట్యాంకు నింపేసుకో, ముల్లు సగానికి వచ్చాక ఆదివారం ఎక్కడికీ బయల్దేరకు. నీకు షుగర్ లేదని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.

లాస్కో పక్కనున్న మోంతిన్యాక్ ఊరి నుంచి సర్లా వచ్చే దారిలో, ఎడమపక్క, నీలం తలుపుల ఇల్లు. ఇన్నేళ్ళకి రంగు మారే ఉంటుంది. ఆవిడ ఉందో లేదో. పూతరేకులు పంపుదామంటే నెయ్యి ఉంటుంది, పాల సరుకు అక్కడికి రానివ్వరు. తాటిబెల్లం కట్టి మీ నాన్న చేత పంపిస్తున్నాను. ముందు బోంజూర్ చెప్పి, సగం ఆ ఇంట్లో ఇచ్చెయ్. మిగతా సగం కారులో, చేతికందేచోట పెట్టుకో.

మీ పెదనాన్న