చైనా కంపెనీల్లో వ్యాపార నీతి అనేది ఉంటుందా? అక్కడి ఎంబీఏ క్లాసుల్లో ఏం చెబుతారు?

"లాభం తప్ప ఇంకేం పట్టని చోట ఎథిక్స్ క్లాసులో ఏం చెప్పుకుంటారు?" అని కూడా అడిగారు. నేను షాంఘైలో ఎంబీఏ చదివి, తర్వాత గ్వాంగ్‌డాంగ్‌లో ఒక విదేశీ బ్రాండ్ తరఫున బట్టల ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. చూసినంతవరకు చెబుతాను.

క్లాసులో మొహమాటం ఉంటుందనుకుని వెళ్లాను, అలాంటిదేమీ లేదు. మొదటి కేసే 2008 నాటి సాన్‌లు అనే చైనా పాల కంపెనీ పాలపొడి. నీళ్లు కలిపిన పాలను ప్రొటీన్ పరీక్షలో గట్టెక్కించడానికి ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ అనే రసాయనం కలిపారు. ఆ పరీక్ష నేరుగా ప్రొటీన్‌ని కాదు, నైట్రోజన్‌ని కొలిచి ప్రొటీన్ ఎంతో లెక్కగడుతుంది, మెలమైన్‌లో అది దండిగా ఉంటుంది. ఆరుగురు పసిబిడ్డలు పోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. 2009లో ఇద్దరికి మరణశిక్ష అమలైంది, కంపెనీ అధ్యక్షురాలికి యావజ్జీవం పడింది. ప్రొఫెసర్ "తప్పెవరిది" అని అడగలేదు. రైతు దగ్గర్నుంచి పాల సేకరణ కేంద్రం, ల్యాబ్, హెడ్డాఫీసు దాకా గొలుసు బోర్డు మీద గీసి, ఎవరు నోరు విప్పితే వాళ్లకు ఏం పోయేదో రాయమన్నారు. ఇందులో 43 శాతం వాటా ఉన్న న్యూజిలాండ్ కంపెనీ ఫాంటెరాని కూడా వదల్లేదు. పిల్లలున్న క్లాస్‌మేట్లకు ఇది పాఠం కాదు, ఇంటి గొడవ. హాంకాంగ్ నుంచి సూట్‌కేసుల్లో పాలపొడి డబ్బాలు తెచ్చుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ తాకిడికి తట్టుకోలేకే 2013లో హాంకాంగ్ మనిషికి 1.8 కిలోలు మించి బయటికి తీసుకెళ్లకూడదని రూల్ పెట్టింది.

అన్నిటికంటే ఎక్కువ రచ్చ అయింది మాత్రం మూన్‌కేకుల కేసు మీద. 2016లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ అలీబాబా తన ఉద్యోగులకు పండగ మూన్‌కేకులు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే, సెక్యూరిటీ విభాగంలో నలుగురు చిన్న ప్రోగ్రాం రాసి 124 పెట్టెలు అదనంగా కొట్టేశారు. వెంటనే ఉద్యోగాలు ఊడాయి. మిఠాయి పెట్టెలకు ఉద్యోగం తీసేస్తారా అని సగం మంది, తాళాలు కాపలా కాసేవాడే చెయ్యి పెడితే ఎలా అని మిగతా సగం. నేను రెండో జట్టు. చైనా కాఫీ షాపుల కంపెనీ లకిన్ కాఫీ 2020లో బయటపెట్టిన 220 కోట్ల యువాన్ల దొంగ అమ్మకాల లెక్క వచ్చినప్పుడు మాత్రం అందరూ నావైపు తిరిగారు. ఎందుకో మీకు తెలుసు: హైదరాబాద్, సత్యం, 2009 జనవరి. ఆ రోజు ప్రజెంటేషన్ నా నెత్తిన పడింది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. చైనా చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ నెలకు 36 గంటలు దాటకూడదు. సీజన్‌లో అది పది రోజులకే అయిపోతుంది. కాబట్టి హాజరు రిజిస్టర్లు రెండు ఉంటాయి, ఒకటి నిజానికి, ఒకటి మాలాంటివాళ్లకు. డోంగ్‌గ్వాన్‌లో ఒకచోట చూపించిన రిజిస్టర్‌లో నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఆదివారాలన్నీ ఖాళీ. నేను విరిగిన సూదుల పుస్తకం అడిగాను. కుట్టుమిషన్‌లో సూది విరిగితే ముక్క బట్టలో ఉండిపోకుండా, ముక్కలన్నీ ఏరి టేపుతో అతికించి తేదీ వేస్తారు. దాన్ని మార్చి రాయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆదివారం తేదీల కింద సూది ముక్కలు చక్కగా అతికించి ఉన్నాయి.

మేనేజర్ కంగారుపడలేదు. టీ పోస్తూ, "నిజం రాస్తే ఈ ఆర్డరు పక్క ఫ్యాక్టరీకి పోతుంది, వాళ్లు నాకంటే బాగా అబద్ధం రాస్తారు" అన్నాడు. తర్వాత మా బ్రాండ్ వాళ్ల మెయిల్స్ తీసి చూపించాడు. శాంపిల్ రెండుసార్లు మార్చారు, షిప్‌మెంట్ తేదీ మాత్రం ఒక్కరోజు కూడా జరపలేదు. పీస్ రేటు మీద, అంటే కుట్టిన ఒక్కో బట్టకు ఇంత అని పనిచేసే అమ్మాయిలు కూడా ఓవర్‌టైమ్ తగ్గిస్తే ఇంకో ఫ్యాక్టరీ చూసుకుంటారట. నేను ఉన్నదున్నట్టే రిపోర్టు రాశాను. మా ఆఫీసు ఫ్యాక్టరీకి "సరిదిద్దుకోవడానికి గడువు" ఇచ్చింది, డెలివరీ తేదీ మాత్రం అలాగే ఉంచింది. ఇందులో నీతి తప్పింది చైనావాళ్లొక్కరే అంటే నేను ఒప్పుకోను.

ఐటీ కంపెనీల్లో అయితే దొంగ రిజిస్టర్ అవసరం కూడా ఉండేది కాదు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి ఆరు రోజులు పని దొరకడం వరమని 2019లో అలీబాబా స్థాపకుడు జాక్ మా బాహాటంగానే అన్నారు. అది చట్టవిరుద్ధమని చైనా సుప్రీం కోర్టు 2021 ఆగస్టులో తేల్చింది.

మీరు అక్కడ సరుకు కొనే ఆలోచనతో అడుగుతుంటే, గంటలు ఎక్కువైనట్టు నిజం చెప్పినంతమాత్రాన ఆర్డరు తీసెయ్యబోమని ముందే కాగితం మీద రాసివ్వండి. అలా రాసిచ్చాక కొన్ని ఫ్యాక్టరీలు అసలు రిజిస్టర్లే తెచ్చి నా ముందు పెట్టాయి. రాసివ్వడం కుదరకపోతే హాజరు పుస్తకంతో టైమ్ వేస్ట్ చేసుకోకుండా గేటు దగ్గర లారీల ఎంట్రీలు, క్యాంటీన్ బిల్లులు, సూదుల పుస్తకం అడగండి.