పానా చవకదైతే చాలదా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా కారుకూ మోటారు సైకిలుకూ చిన్న చిన్న మరమ్మతులు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టి ఏడాదయింది. ఇంతకాలం అడిగి తెచ్చుకున్న పానాలతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు కొనుక్కుందామని చూస్తే ఒకే కొలత సాకెట్‌కు (నట్టు మీద టోపీలా కూర్చునే పానా ముక్కకు) ఒక కంపెనీ ధరకూ మరో కంపెనీ ధరకూ పొంతనే లేదు. “ఖరీదైనవే తీసుకో, మళ్ళీ వాటి జోలికి పోనక్కర్లేదు” అని మెకానిక్ మిత్రుడొకరు అంటుంటే, “అంతా ఒకే ఉక్కు, పేరుకే డబ్బు” అని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ మిత్రులిద్దరూ పానా గురించే మాట్లాడుతున్నారు; అది పట్టుకునే నట్టు సంగతి ఇద్దరూ మరిచిపోయారు. పానా విరిగితే మరొకటి కొనుక్కోవచ్చు గాని, అది జారి బోల్టు తల గుండ్రంగా అరిగిపోతే ఆ పూట పని ఆగిపోవడమే కాక, కొన్నిసార్లు ఆ బోల్టు ఉన్న భాగాన్నే మార్చవలసి వస్తుంది. అందువల్ల ఏ పనిముట్టు కొనేముందైనా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది చేతిలో మోసం చేస్తే నష్టం దేనికి? నష్టం పనిముట్టుకే అయితే చవకది చాలు. బండికో, మన చేతికో అయితే చాలదు.

నాకీ సంగతి తెలిసివచ్చింది బ్రేకు క్యాలిపర్ (చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) దగ్గర. బ్రేకు నూనెలో చేరిన గాలి తీయడానికి బ్లీడర్ నిపుల్‌ను వదులు చేయాలి; అది లోపల బోలుగా ఉండే చిన్న మర. పెట్టెలో దొరికిన పన్నెండు మూలల చవక రింగ్ పానాను దానికి తగిలించి తిప్పితే మెత్తగా కదిలినట్టు అనిపించింది. విడిపోయిందనుకుని సంతోషించాను. పానా తీసి చూస్తే నిపుల్ కదలనే లేదు. దాని అంచుల మీద మెరిసే ఇనుప రజను, పానా లోపలా అదే రజను. తర్వాత ఏ పానా వేసినా పట్టు దొరకలేదు, చివరికి క్యాలిపర్ మొత్తం మార్చాను. పానాలో మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు క్యాలిపర్‌కు పోయింది.

అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే దుకాణంలో ఏం చూడాలో తెలుస్తుంది. నట్టుకు ఆరు పలకలు, ఆరు మూలలు ఉంటాయి. ఆరు మూలల సాకెట్ ఆ పలకలను ఎక్కువ మేర ఆనుకుంటుంది. పన్నెండు మూలలది మూలలకు దగ్గరగా కొద్ది చోటనే ఆనుతుంది. ప్రతి 30 డిగ్రీలకూ తగిలించుకునే వీలున్నందున ఇరుకు చోట్లలో పన్నెండు మూలలది సుఖమే (ఆరు మూలలదానికి 60 డిగ్రీలు కావాలి), కాని తుప్పుపట్టిన నట్టుకు, మెత్తని లోహంతో చేసిన నట్టుకు ఆరు మూలలదే వాడాలి. దీనికి తోడు చవక సాకెట్లలో కొలత కాస్త వదులుగా ఉండటం తరచు చూస్తాం. ఆ వదులు వల్ల బలమంతా మూలల మీదికే పోతుంది. కొనే ముందు ఒక కొత్త బోల్టును జేబులో వేసుకుని వెళ్ళి సాకెట్‌లో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. ఎంత ఊగుతుందో మీ వేళ్ళకే తెలుస్తుంది. నా దృష్టిలో ఏ ముద్రకన్నా, ఏ పేరుకన్నా ఈ పరీక్షే నమ్మదగినది.

“క్రోమ్ వెనేడియం” అన్న ముద్ర చవకదాని మీదా ఉంటుంది, ఖరీదైనదాని మీదా ఉంటుంది. ఉక్కు కూర్పు ఒకటే అయినా దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్ళీ మితంగా వేడిచేసిన తీరు ఒకటి కాకపోవచ్చు. గట్టిదనం మితిమీరితే సాకెట్ పగులుతుంది, తక్కువైతే సాగుతుంది. ఈ పనిలో నేర్పున్న కంపెనీ పలుచని గోడతోనే కావలసిన బలం తేగలదు, అది చేతకాని కంపెనీ గోడను మందంగా చేసి సరిపెడుతుంది. బయట, విశాలమైన చోట మందం వల్ల ఇబ్బందేమీ లేదు. ఇంజిన్‌కూ పక్కనున్న గొట్టానికీ మధ్య నట్టు ఉన్నప్పుడు మందమైన సాకెట్ దాని దాకా పోనే పోదు. ఖరీదైన పనిముట్టు నిజంగా తన ధరకు తగిన ఫలం ఇచ్చేది అక్కడే.

ఇక మీరు ఏం కొనాలంటే, 8, 10, 12, 13, 14, 17, 19 మిల్లీమీటర్ల కొలతలు మీ పనిలో చాలావరకు గడుపుతాయి. వీటిలో 10 మీద మాత్రం లోభించకండి. 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా అదే తల కొలత, బండిలో ఎక్కడ చెయ్యి పెట్టినా అదే తగులుతుంది, పైగా పోగొట్టుకునేది కూడా అదే. బ్రేకు గొట్టాల నట్లు మెత్తనివి గనుక వాటికి ఫ్లేర్ నట్ పానా (గొట్టం దూరేలా ఒక పక్క తెరిచి ఉన్న రింగ్ పానా) ఒకటి మంచిది తీసుకోండి. ఓపెన్ పానా రెండు పలకలను మాత్రమే పట్టుకుంటుంది, బలం ఎక్కువైతే దాని దవడలు విచ్చుకుంటాయి. కాబట్టి బిగుసుకున్న నట్టును రింగ్‌తోనో సాకెట్‌తోనో కదిలించి, ఆ తర్వాతే ఓపెన్ పానా వాడాలి. ఈ క్రమం పాటించేవారికి చవక ఓపెన్ పానా కూడా ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

రాచెట్ (సాకెట్‌ను ఒక దిక్కుకే తిప్పుతూ, వెనక్కి ఊపినప్పుడు వదిలేసే పిడి) విషయంలో చాలామంది పళ్ళ సంఖ్య చూసి మోజుపడతారు. 36 పళ్ళ రాచెట్ 10 డిగ్రీలకొక పన్ను చొప్పున పట్టుకుంటుంది, 72 పళ్ళది 5 డిగ్రీలకు. పిడి ఊపడానికి చోటులేని మూలల్లో ఆ తేడా నిజంగా కనిపిస్తుంది. అయితే చవక రాచెట్‌కు అసలు శత్రువు పళ్ళు కాదు, మనమే. మొండి నట్టును రాచెట్‌తో విడదీయబోయి, చాలక పిడికి ఇనుప గొట్టం తొడిగితే లోపలి పళ్ళు జారతాయి, ఎదురుగా ఉన్న ఇనుముకు మన వేలి కణుపులు తగులుతాయి. విడదీయడానికి పళ్ళు లేని పొడవాటి బ్రేకర్ బార్ వాడండి. 25 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 40 కిలోల బరువుతో నొక్కితే వచ్చే 100 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), 50 సెంటీమీటర్ల బార్‌తో 20 కిలోలకే వస్తుంది. ఈ బార్ చవకదైనా ఫరవాలేదు. అదుంటే రాచెట్ కూడా మధ్యరకంది సరిపోతుంది.

వంద ముక్కల పెట్టెలు చూసి మురిసిపోకండి, అందులో సగం మీరెన్నడూ వాడని చిన్న బిట్లే. స్నాప్-ఆన్ కంపెనీ 1920లో మొదలైనప్పుడు దాని ఆలోచనే ఐదు పిడులు, పది సాకెట్లతో యాభై పానాల పని చేయించడం. ఆ కంపెనీ ధర వేరు సంగతి. ఆ ధరలో వ్యానులో మెకానిక్ షెడ్డుకే వచ్చి పనిముట్టు మార్చి ఇచ్చే సేవ కూడా ఇమిడి ఉంటుంది, అది రోజంతా పానా పట్టేవారికి లాభం, నెలకోసారి పట్టే మీకు కాదు. మీరు మధ్యరకం కంపెనీ నుంచి చిన్న సెట్టు ఒకటి తీసుకుని, వాడకంలో ఏది అరిగితే, ఏది విసిగిస్తే దాన్ని మాత్రమే మేలురకంతో మార్చుకుంటూ వెళ్ళండి. బ్రేకు గొట్టాల ఫ్లేర్ నట్ పానా, 10 సాకెట్, స్టార్ స్క్రూడ్రైవర్ మాత్రం అరిగేదాకా ఆగకుండా మొదటే మంచివి కొనండి.

స్క్రూడ్రైవర్ అన్నాను గనుక ఒక మాట. పాత జపాన్ మోటారు సైకిళ్ళ కార్బురేటర్ స్క్రూలు చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి గాని అవి జపాన్ ప్రమాణమైన జేఐఎస్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు ఉండే ఫిలిప్స్ మొన వాటిలో అడుగుదాకా కూర్చోదు. ఎంత ఖరీదైన ఫిలిప్స్ అయినా వాటిని చెరుపుతుంది, తగిన కొలతది చవకదైనా తీస్తుంది.

ప్రశ్న: చవక టార్క్ రెంచ్‌ను నమ్మవచ్చా? లేక చేతి అంచనాతోనే బిగించడం మేలా?

జవాబు: చేతి అంచనా కన్నా మామూలు క్లిక్ రకం రెంచ్ (పెట్టిన టార్క్ రాగానే క్లిక్‌మని చెప్పేది) ఎంతో నయం. ఐఎస్‌ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 10 న్యూటన్ మీటర్లకు పైబడిన ఇలాంటి రెంచ్‌లో 4 శాతం వరకు తేడా ఉండవచ్చు. అంటే 100కు పెడితే 96 నుంచి 104 లోపల బిగించాలి. కొలత సరిచూసిన పత్రం ఉన్నదే తీసుకోండి. అదే ప్రమాణం ఏడాదికోసారి గాని 5000 బిగింపులకోసారి గాని మళ్ళీ సరిచూడమంటుంది. తప్పు ఎక్కువగా జరిగేది ధర దగ్గర కాదు, పరిధి దగ్గర: చక్రాల నట్లకు కొన్న 40–200 రెంచ్‌తో ఎవరూ 10 న్యూటన్ మీటర్ల బోల్టు బిగించలేరు. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో మరలు చెడేది ఆ చిన్న బోల్టుల దగ్గరే కాబట్టి, ఒక్కటే కొనగలిగితే చిన్నదే కొనండి. పనయ్యాక లోపలి స్ప్రింగ్ వదులయ్యేలా కొలతను పిడి మీది గీతల్లో అన్నిటికన్నా తక్కువదానికి తెచ్చి ఉంచండి, విప్పడానికి మాత్రం దాన్ని ఎన్నడూ వాడకండి.

ప్రశ్న: మెరిసే సాకెట్లను ఇంపాక్ట్ గన్‌కు తగిలించవచ్చా? అవి మంచి కంపెనీవే.

జవాబు: తగిలించకండి. ఇంపాక్ట్ గన్ అంటే దెబ్బ మీద దెబ్బ కొడుతూ నట్టును తిప్పే యంత్రం. చేతి సాకెట్ గట్టిదనం కోసం చేసినది, దెబ్బ కోసం కాదు. గన్ కొట్టే దెబ్బలకు అది పగిలి ముక్కలు కంటిదాకా ఎగరవచ్చు. గన్‌కు క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో మందంగా చేసిన నల్ల సాకెట్లు విడిగా దొరుకుతాయి. ఇక్కడ చవకదే అయినా నల్లది, ఖరీదైన మెరిసేదానికన్నా మేలు. కంటి అద్దాలు మాత్రం రెండింటికీ పెట్టుకోవలసిందే.

ప్రశ్న: “జీవితకాల హామీ” అని రాసి ఉంటే ఎక్కువ పెట్టవచ్చా?

జవాబు: హామీ పత్రంలో రెండు సంగతులు చూడండి: అరుగుదలకు కూడా వర్తిస్తుందా, విరిగిపోతేనేనా అన్నది ఒకటి, మార్చి ఇచ్చే చోటు మీకు అందుబాటులో ఉందా అన్నది మరొకటి. చాలా కంపెనీలు టార్క్ రెంచ్‌ను ఆ హామీ నుంచి తప్పిస్తాయి. చక్రం విప్పి, బండిని స్టాండ్ల మీద నిలిపి ఉంచినప్పుడు సాకెట్ పగిలితే, వారం తర్వాత ఉచితంగా వచ్చే కొత్త సాకెట్ ఆ సాయంత్రం మీకు పనికిరాదు.