రిలీవర్ రాని డ్యూటీ

గత సంచికలో, మంచం పట్టినవాళ్లకు ఒరుసుకుని పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు గురించి రాశాక చాలా ఉత్తరాలొచ్చాయి. పరుపు ఎక్కడ కొనాలని అడిగినవాళ్లకు ఒకటే మాట: విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేటల్లో సర్జికల్ షాపులు బోలెడున్నాయి, నాలుగు షాపులు తిరిగితే ధర మీకే తేలిపోతుంది. ఈసారి జవాబులు ఆ మంచం పక్కన చాప వేసుకుని పడుకునేవాళ్లకు.

*

ప్రశ్న: అమ్మా, నాకు 43 ఏళ్లు. మాది అజిత్‌సింగ్ నగర్. మావయ్యగారు ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేశారు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అత్తయ్యగారు లేరు. మావారు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా, ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు. ముక్కు పైపులో పోయడం, డైపర్లు, ఒళ్లు తుడవడం అన్నీ నావే. జాకెట్లు కుట్టేదాన్ని, మిషన్ మీద దుప్పటి కప్పేశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకి వచ్చినప్పుడు పక్కింటి కుర్రాళ్లు నవారు మంచంతో సహా మావయ్యగారిని మేడమీదికి ఎక్కించారు. నేనూ ఒక కోడు పట్టాను. ఆనాడు పట్టేసిన నడుం ఇంకా వదల్లేదు. మరిది బెంగళూరు, ఆడపడుచు హైదరాబాదు. పండక్కి వచ్చి, ‘నాన్న ఇంత చిక్కిపోయాడేంటి వదినా’ అంటుంది. ఏజెన్సీ వాళ్లు ఇరవై నాలుగు గంటల మనిషికి నెలకు 24 వేలు అడిగారు, మావారి జీతమే 22. మొన్న రాత్రి రెండింటికి మూడోసారి బట్ట మారుస్తూ ‘ఈయన పోతే బాగుండు’ అని పైకే అనేశాను. ఆయనకు వినపడిందేమో. అప్పట్నుంచి ఆయన కళ్లలోకి చూడలేకపోతున్నా. నేను చెడ్డదాన్నా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను తల్లీ. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో మా అత్తగారు ఆరేళ్లు మంచంలో ఉన్నారు. ఒకరోజు ఆవిడ ముద్ద ఉమ్మేస్తే పెరుగన్నం గిన్నె తీసి గోడకేసి కొట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేసి ఒక్క పేషెంటు మీద గొంతు పెంచనిదాన్ని! గోడ మీద మెతుకులు తుడుచుకుంటూ ఆలోచిస్తే అప్పుడు వెలిగింది. వార్డులో నాకు ఎనిమిది గంటలు కాగానే రిలీవర్, అంటే నా బదులు డ్యూటీకి దిగే ఆవిడ, వచ్చేది. ఆవిడకు అప్పజెప్పి, చేతులు కడుక్కుని బయటపడేదాన్ని. ఇంట్లో రిలీవర్ లేదు. నీకు మూడేళ్లుగా రాలేదు. ఇంకెవరైనా అయితే ఆ మాట మూడో నెలలోనే అనేవాళ్లు.

ఆయనకు వినపడే ఉంటుంది. కుడిపక్కతో పాటు మాట పడిపోయినవాళ్లలో చాలామందికి మన మాటలు ఎంతో కొంత అర్థమవుతాయి, జవాబు చెప్పడమే రాదు. రేపు పొద్దున ఎడమచెయ్యి పట్టుకుని ‘మావయ్యా, ఆ రాత్రి ఒళ్లు అలిసి నోరు జారాను’ అని చెప్పు. ఆ చేతికి దువ్వెన కూడా ఇచ్చి చూడు. నలభై ఏళ్లు లేత్ మీద ఆడిన చెయ్యి, ఊరికే పడి ఉండటం దానికీ కష్టమే. వంకరగా దువ్వుకుంటే దువ్వుకోనీ.

ఇప్పుడు నడుం. నువ్వు ఆయన్ని ఎత్తుతున్నావు, అదే తప్పు. పాత నూలు చీర ఒకటి నాలుగు మడతలు వేసి, ఆయన భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా కింద పరిచెయ్యి. పైకి జరపాలంటే చెరో పక్క ఒక మనిషి నిలబడి, ఆ చీర అంచులు చుట్టి పట్టుకుని జరపాలి. ఒక్కదానివే ఆ పని చెయ్యొద్దు. మీవారు ఇంట్లో ఉన్నప్పుడు, పొద్దున ఏడున్నరకొకసారి, రాత్రి తొమ్మిదిన్నరకొకసారి పెట్టుకో. పక్కకు తిప్పడం మాత్రం ఒక్కరితోనే అవుతుంది. ఏ వైపు తిప్పాలో ఆ వైపు నువ్వు నిలబడి, అవతలి మోకాలు మడిచి, అవతలి భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి నీ వైపుకు దొర్లించు. వీపు వెనక దిండు పెట్టు, పూర్తిగా పక్కకు కాకుండా కాస్త ఏటవాలుగా చాలు. పడిపోయిన కుడిచేతిని పట్టి మాత్రం ఎప్పుడూ లాగకు, భుజం కీలు జారిపోతుంది. మంచం నీ నడుం ఎత్తుకు రావాలి. వడ్రంగితో గుంట తీసిన చెక్క దిమ్మలు నాలుగు చేయించి కోళ్ల కింద పెట్టించు. ఇటుకలు వద్దు, జారతాయి.

పిక్కల కింద కూడా ఒక దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడు. ఇది నా తల దించుకుని చెప్పే మాట. మా అత్తగారి వీపు అద్దంలా ఉంచానని గర్వపడేదాన్ని. ఒకరోజు ఫిజియో అబ్బాయి ఆవిడ మేజోడు తీసి ‘మేడమ్, ఇది చూశారా’ అన్నాడు. మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ! పదిమందికి బెడ్‌సోర్ (మంచంలో కదలక పడే పుండు) గురించి పాఠం చెప్పినదాన్ని, ఇంట్లో మేజోడు తీసి చూడలేదు. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది.

రెండు గంటలకోసారి తిప్పాలన్నది ఆసుపత్రి లెక్క. మంచి గాలి పరుపు ఉండి, చర్మం బాగుంటే రాత్రిపూట నాలుగు గంటలకు పెంచొచ్చేమో మీ డాక్టర్ని అడుగు. పొద్దున లేవగానే పిరుదుల మీద, తుంటి మీద, మడమల మీద చూడు. నొక్కినా తెల్లబడని ఎరుపు కనపడితే మళ్లీ రెండు గంటలకే వచ్చెయ్యి. లేకపోతే ఆ నాలుగు గంటల నిద్ర నీది.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. ఒక పొడుగాటి నోటుబుక్ కొను. వారం రోజులు రాయి. ‘5.10, డైపర్, తుడవడం, బట్టలు, 35 నిమిషాలు.’ ‘6.15, పైపులో జావ, తల ఎత్తిపెట్టి ముప్పావుగంట కాపలా.’ డబ్బు ఖర్చు కుడి అంచున. ఎవరికీ చూపించకు, ఆడపడుచుకు ఫోన్లో చెప్పుకోకు. సంక్రాంతికి అందరూ వస్తారుగా, అరిసెలు తిన్నాక ఆ పుస్తకం మధ్యలో పెట్టు. మాట్లాడేది నువ్వు కాదు, మీవారు. అది ఆయన నాన్న. ‘కాస్త సాయం చెయ్యండి’ అంటే అందరూ తలాడిస్తారు, బస్సెక్కేస్తారు. ‘ఫిబ్రవరి 10 నుంచి 20 వరకు నువ్వు ఇక్కడుండు, ఈవిడ పుట్టింటికి వెళ్తుంది’ అని తేదీ వేసి అడగాలి. మరిది సెలవు పెట్టలేకపోతే పగటి మనిషికయ్యే డబ్బులో సగం తనది. ఏజెన్సీ వాళ్లు చెప్పిన 24 వేలూ ఆ పుస్తకం మొదటి పేజీలో రాయి. నువ్వు చేసే పనికి బజారు కట్టిన ధర అది.

ఒక సంగతి తెలుసా? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పోషించని పిల్లల మీద వయోవృద్ధులు గానీ, వాళ్ల తరఫున వాళ్లు ఒప్పుకున్న మనిషి గానీ ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు పది వేల దాకా ఇప్పిస్తారు. అందులో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు! కోడల్నీ అల్లుణ్నీ చేర్చాలని 2019లో ఒక సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఆ ఇంట్లో చట్టం బాధ్యత పెట్టని మనిషివి నువ్వు. మూడేళ్లుగా చేస్తున్నదీ నువ్వే. మరిదిని ట్రిబ్యునల్‌కు ఈడ్చమని కాదు నేననేది. హైదరాబాదులో ఉన్న కూతురుకూ అంతే బాధ్యత ఉందని ఆ సంక్రాంతి రోజున ఎవరో ఒకరు పైకి చదవాలి, అంతే.

పింఛను సంగతి నువ్వు రాయలేదు. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, వికలాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 చేశారు. ఆదాయం, కరెంటు వాడకం, కారు ఉందా అన్నవి చూస్తారు, డాక్టర్ల పరీక్షా ఉంటుంది. మనకెక్కడ వస్తుందిలే అని కూర్చోకుండా, మావయ్యగారి ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మీవారిని ఒకపూట వార్డు సచివాలయానికి పంపు. వస్తే ఆ డబ్బు మందుల ఖర్చులో కలిపెయ్యకు. ముందు రోజూ నాలుగు గంటలకు ఒక మనిషిని పెట్టు. ఆ నాలుగు గంటలూ మిషన్ మీది దుప్పటి తియ్యి.

ఆ పింఛనైనా మంచంలో ఉన్నవాళ్ల పేరు మీదే వస్తుంది, చూసుకునేవాళ్లకంటూ ఏమీ లేదు. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అని ఒకటుంది, మంచంలో ఉన్నవాళ్లను చూసుకునే మనిషికే నెలకు 600. ఆరు వందలకు ఏమొస్తుందని నవ్వొచ్చు గానీ, ఆ మనిషి చేసేది పనేనని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. జర్మనీ వాళ్లు 1995లోనే దీర్ఘకాల సేవకు బీమా పెట్టి, ఇంట్లో చూసుకుంటే డబ్బిచ్చే ఏర్పాటు చేశారు. జపాన్ 2000లో మొదలుపెట్టింది, అక్కడ నలభై దాటినవాళ్లంతా దానికి ప్రీమియం కడతారు. మనకు అంత దూరం ఇప్పుడే వద్దు. మన వార్డు సచివాలయాల్లో ఇప్పటికే ఏఎన్ఎమ్‌లు, అంటే ఆరోగ్య కార్యకర్తలు, ఉన్నారు. వాళ్ల కింద వార్డుకు ఇద్దరు శిక్షణ పొందిన రిలీవర్లను పెట్టి, వారానికి రెండు పూటలు ఇంటికి పంపితే చాలు, నీలాంటివాళ్లు నిలబడతారు. మా అత్తగారి తరంలో ఒక ముసలాయన చుట్టూ ముగ్గురు కోడళ్లుండేవాళ్లు. మా అబ్బాయి ఒక్కడే, అదీ పుణేలో. రేపు నా మంచం పక్కన ఎవరుంటారో అని లెక్కేసుకునే ఇది అంటున్నాను, దాచడమెందుకు?

*

ప్రశ్న: నాకు 38, పెళ్లి కాలేదు. గుంటూరు లక్ష్మీపురంలో అమ్మా నేనూ. అమ్మకు మతిమరుపు జబ్బు. నేను స్నానం చేయించబోతే అరుస్తుంది, కొడుతుంది. పక్కవాళ్లు ‘ఇంట్లో ఆడదిక్కు లేదా’ అంటున్నారు.

జవాబు: బాబూ, పక్కవాళ్లకు జవాబు చెప్పే పని పెట్టుకోకు. అమ్మకు నువ్వు కొడుకువని ఆ క్షణంలో గుర్తులేకపోవచ్చు. ఎవరో మగమనిషి బట్టలు లాగుతున్నాడనిపిస్తే ఏ ఆడమనిషైనా కొడుతుంది. రోజంతా మనిషి అక్కర్లేదు, ఆ ఒక్క గంటకు ఒక ఆవిడను పెట్టుకో, రోజూ అదే మనిషి, అదే వేళ. నైటీ ఒంటి మీదే ఉంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు పాదాల మీద పోసి, తర్వాత పైకి రమ్మను. తలస్నానం వేరే రోజుకు పెట్టుకోండి. గ్యాసు సిలిండరు దగ్గర రెగ్యులేటర్ ఆపకుండా నిద్రపోకు. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చేయొచ్చు, చూసుకునేవాళ్లూ చేస్తారు. పెళ్లి మాటంటావా, వంటమనిషి, పనిమనిషి, నర్సు ముగ్గురినీ ఒక పిల్లలో వెతుక్కుంటూ సంబంధాలు మాత్రం చూడకు.

*

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టెన్త్ చదివాను. ఏజెన్సీలో నెల శిక్షణ ఇచ్చి విజయవాడలో ఒక ఇంట్లో పెద్దాయన దగ్గర ఇరవై నాలుగు గంటల డ్యూటీకి పెట్టారు. ఇంటివాళ్లు మంచోళ్లే గానీ నాకు నిద్ర లేదు. కింద చాప. మొన్న యూరిన్ పైపు నన్నే మార్చమన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ‘నర్సును పంపితే ఎక్స్‌ట్రా, నువ్వే చెయ్యి’ అన్నారు. చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యకూడదు. పైపు మార్చడం, ఇంజెక్షన్, ముక్కు పైపు వెయ్యడం నర్సింగ్ చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్ల పని. లోపల చీరుకుని రక్తం వస్తే ఏజెన్సీ వాళ్ల పేరు రాదు, నీ పేరే వస్తుంది. ‘నాకు రాదు, నర్సును పిలవండి’ అని ఇంటావిడకు మర్యాదగా చెప్పు. ఫోన్లో మెసేజ్ కూడా పెట్టి ఉంచుకో.

ఇరవై నాలుగు గంటల డ్యూటీ అనేది ఏజెన్సీ కాగితం మీదే ఉంటుంది, ఏ ఒంట్లోనూ ఉండదు. పైన ఉత్తరం రాసిన కోడలికీ నీకూ తేడా జీతం ఒక్కటే, రిలీవర్ నీకూ లేదు. మంచోళ్లే అంటున్నావు కాబట్టి రాత్రి పదకొండు నుంచి నాలుగున్నర దాకా పెద్దాయన్ని ఇంట్లోవాళ్లు చూసుకునేలా, పగలు రెండు గంటలు నువ్వు పడుకునేలా అడుగు. చాప కాదు, మడత మంచం అడుగు. వారానికో పూట సెలవు అడుగు. ఇంటివాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: ఆ పిల్ల నిద్ర లేకుండా మీ నాన్నగారిని తిప్పుతుంటే పడిపోయేది ఇద్దరూ. కుదిరితే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (పేషెంట్ల దగ్గర సాయంగా ఉండే మనిషి) కోర్సు పూర్తిచెయ్యి, నెల శిక్షణ కంటే సర్టిఫికెట్ చేతిలో ఉంటే జీతం నువ్వే మాట్లాడుకోవచ్చు.

నువ్వు చెయ్యాల్సిన పని వేరే ఉంది. యూరిన్ బ్యాగు ఎప్పుడూ ఆయన నడుం కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. పక్కకు తిప్పేముందు పైపు ఒంటి కింద ఇరుక్కుందేమో చూసుకో. సగం దాటగానే ఖాళీ చెయ్యి, చేతులు ముందూ తర్వాతా కడుక్కో. మూత్రం ఎర్రగా వచ్చినా, చిక్కగా మబ్బుగా వచ్చినా, నాలుగైదు గంటలు బ్యాగులోకి చుక్క రాకపోయినా, ఏజెన్సీకి కాదు, నేరుగా ఇంటావిడకు చెప్పి డాక్టరుకు ఫోన్ చేయించు.