మార్జరీ పాస్టన్ కేసు తీసుకోండి

సెమినార్ పేపర్‌కి అంత టెన్షన్ వద్దండీ. మధ్యయుగ యూరప్ ప్రేమ కవిత్వంలో ప్రియురాలు ఎక్కువగా వేరొకరి భార్యే కదా, మరి అప్పట్లో ప్రేమించి పెళ్లి చేసుకున్నవాళ్లే లేరా అన్నది మీ సందేహం. ఉన్నారు. కాసేపు కవిత్వం పక్కన పెట్టి చర్చి చట్టం చూడండి. ఇద్దరూ ఇష్టపడి "నిన్ను పెళ్లాడుతున్నాను" అని ఒకరికొకరు మాట ఇచ్చుకుంటే చాలు, పెద్దల అంగీకారం లేకపోయినా, చివరికి ఫాదర్ ఎదుట కాకపోయినా ఆ పెళ్లి చెల్లేది. ముందుగా చర్చిలో ప్రకటించాలని 1215లో నియమం పెట్టారు, కానీ రహస్యంగా చేసుకున్నంత మాత్రాన పెళ్లి రద్దయ్యేది కాదు.

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో పాస్టన్ల అమ్మాయి మార్జరీ, తమ ఎస్టేట్ వ్యవహారాలు చూసే రిచర్డ్ కాల్‌ని ఇలాగే చేసుకుంది. 1469లో నారిచ్ బిషప్ ఆమెను పిలిపించి, మీరు ఏ మాటలు అనుకున్నారో చెప్పమన్నాడు. చెప్పింది. చెప్పి, ఆ మాటలు చాలవంటే ఇక్కణ్ణుంచి కదిలేలోపే ఇంకా గట్టి చేసుకుంటాను అంది! ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కన్నతల్లి ఇంట్లోకి రానివ్వలేదు, పెళ్లి మాత్రం నిలిచింది. బిషప్ ఎదుట జరిగిందంతా తల్లి తన కొడుక్కి రాసిన ఉత్తరంలోనే ఉంది, మీ పేపర్ దానితోనే మొదలుపెట్టండి.