టోకెను 528ను తిరగేస్తే

ప్రశ్న: బ్యాంకులో నా వంతు కోసం కూర్చున్నప్పుడు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవడు నా టోకెను 528ను తిరగేసి 825 అని రాసి, రెండింటి కారణాంకాలనూ విడివిడిగా కూడితే 1488 అనే ఒకే మొత్తం వస్తుందని చూపించాడు. ఇంటికొచ్చి సరిచూశాను, నిజమే. ఇది కాకతాళీయమా, దీని వెనుక సూత్రమేదైనా ఉందా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: రెండూ ఉన్నాయండి. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలన్నింటినీ, 1తోనూ ఆ సంఖ్యతోనూ సహా కూడితే వచ్చే మొత్తాన్ని సిగ్మా అంటారు. రెండంకెల సంఖ్యల్లో 33, 44 వంటి వాటిని పక్కన పెడితే, తిరగేసినా సిగ్మా మారనిది ఒక్కటీ లేదు. మీ మనవడి చేతికి వచ్చింది అరుదైన సంఖ్యే.

528 అంటే 33 × 16, 825 అంటే 33 × 25. ఇప్పుడు 16కు కారణాంకాలైన 1, 2, 4, 8, 16 కూడితే 31. 25కు కారణాంకాలైన 1, 5, 25 కూడినా 31. ఉమ్మడి కారణాంకం 1 తప్ప మరొకటి లేని రెండు సంఖ్యల లబ్ధానికి సిగ్మా కావాలంటే వాటి సిగ్మాలను గుణిస్తే చాలు గనుక, 33 సిగ్మా అయిన 48ని 31తో గుణించగానే రెండు వైపులా 1488 వస్తుంది. ఇంతవరకు సూత్రమే. ఆ రెండు లబ్ధాలూ ఒకదానికొకటి తిరగేసినట్లు కనబడటం మాత్రం మనం పదేసి లెక్కన రాయడం వల్ల కలిగిన యోగం; ఎనిమిదేసి లెక్కన రాస్తే 528 కాస్తా 1020 అవుతుంది, దాన్ని తిరగేస్తే వచ్చేది మన లెక్కలో 129.

అయినా ఆ యోగం ఒక్కసారితో ఆగదు. 528528ను 825825తో పోల్చి చూడండి: రెండింటిలోనూ అదనంగా చేరింది 1001 మాత్రమే, అందులో 2 గానీ 5 గానీ కారణాంకం కాదు కాబట్టి సిగ్మాలు మళ్లీ సమానమే. 528ను ఎన్నిసార్లు పక్కపక్కన రాసినా ఇదే తర్కం నిలుస్తుంది గనుక ఇటువంటి జతలు అనంతం.

అన్ని జతలదీ ఇదే దారి అనుకోకండి. 1561 అంటే 7 × 223, దాని సిగ్మా 8 × 224, తిరగేసిన 1651 అంటే 13 × 127, దాని సిగ్మా 14 × 128, రెండూ 1792. ఇక్కడ ఉమ్మడి కారణాంకమే లేదు. నాకు ఈ జతే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. కారణాంకాల మొత్తానికి బదులు వాటి సంఖ్య చూస్తే మాత్రం పని మరీ తేలిక, 13, 31 వంటి ప్రధాన సంఖ్యల జతలన్నీ అందులో చేరిపోతాయి.

తిరగేయడంలో ఒంటరిగా మిగిలిన సంఖ్యా ఉంది. 73 ప్రధాన సంఖ్యల వరుసలో 21వది, 37 ఆ వరుసలో 12వది, 7 × 3 కూడా 21. ఈ రెండు లక్షణాలూ కలిసిన ప్రధాన సంఖ్య 73 ఒక్కటేనని కార్ల్ పొమెరాన్స్, క్రిస్ స్పైసర్ 2019లో నిరూపించారు.

ఈసారి మీ మనవడికి 4064 ఇచ్చి చూడండి. అందులోనూ 127 దాగి ఉంది.